నమలే పన్ను, పలికే పన్ను

మా అమ్మీకి పై దవడలో ఎడమ వైపున ఒక పెద్ద పన్ను లేదు. ఆ ఖాళీని ఏం చెయ్యాలన్న ఆలోచన మా ఇంట్లో దాదాపు ఎనిమిది నెలలు సాగింది. ఒక్క పన్ను కోసం ఇంత సుదీర్ఘ సమాలోచన అవసరమా అని పాఠకులకు అనిపించవచ్చు. కాని ఆరోగ్యం, ధనం, ధర్మం మూడూ వచ్చి ఆ చిన్న ఖాళీలోనే కూర్చున్నాయి. ఇలాంటి ప్రశ్న నేడు అనేక ముస్లిం కుటుంబాల్లో తలెత్తుతోంది కనుక, మేము తెలుసుకున్నదీ తేల్చుకున్నదీ సోదర సోదరీమణులతో పంచుకోదలిచాము.

మేము అంటే ముగ్గురం. తాండూరులోనే ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూసే పెద్దవాడు, హైదరాబాదులో ఉద్యోగం చేసే రెండోవాడు, జహీరాబాదుకు కోడలిగా వెళ్ళిన చెల్లెలు. అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరి ఆరేళ్ళయింది. అమ్మీ వయసు 63. మా చిన్నతనం నుంచీ అస్ర్ నమాజు తర్వాత మా ఇంటి వరండాలో చాప పరుచుకుని వాడకట్టు ఆడపిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పిస్తున్నారు. ఈ విషయం ముందే ఎందుకు చెబుతున్నామో తర్వాత తెలుస్తుంది.

పన్ను పోయిన తీరు మా ఊరికి తగ్గట్టే ఉంది. తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు బండలకైతే అంతకు ఎన్నో దశాబ్దాల క్రితమే పేరు. ఒక మధ్యాహ్నం ఆ రెండూ ఒకే ముద్దలో కలిశాయి. పప్పులో దాగిన చిన్న రాయి పంటికింద పడింది. అది పదేళ్ళ క్రితం రూట్ కెనాల్ జరిగిన పన్ను. లోపలి నరం తీసేసిన పన్ను కాలక్రమంలో పెళుసుబారుతుంది. అది నిలువునా చీలి, చీలిక వేరు దాకా దిగింది. అలా చీలిన పన్నును నిలబెట్టే మార్గం లేదని మా ఊరి దంతవైద్యుడు చెప్పి తీసివేశారు. గాయం మానింది. నొప్పి లేదు. నవ్వినా బయటికి కనిపించదు.

“ఒక్క పన్నే కదా బేటా, పోనివ్వండి” అన్నారు అమ్మీ.

అమ్మీ మాటలో న్యాయం లేకపోలేదు. పోయిన ప్రతి పన్ను స్థానంలోనూ మరొకటి పెట్టించి తీరాలన్న నియమం వైద్యశాస్త్రంలో లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్న్ట్ కైజర్ అనే దంతవైద్య ఆచార్యుడు 1980ల ఆరంభంలోనే ఈ సంగతిని పరిశీలించి, ముందరి పళ్ళూ వాటి వెనుక చిన్న దవడ పళ్ళూ సరిగా ఉన్నవారు చివరి పెద్ద పళ్ళు లేకపోయినా తృప్తిగా తినగలరని చెప్పారు. ఖాళీ కనిపించగానే భయపెట్టే ప్రకటనలు చూసి పరుగెత్తవలసిన పని లేదు. ఈ మాట ముందుగా చెప్పడం న్యాయమని మా భావన.

అయితే అమ్మీ పరిస్థితి వేరు. కుడి వైపు పై దవడలో రెండు పెద్ద పళ్ళు ఏనాడో పోయాయి. ఇన్నాళ్ళూ ఆమె నమిలింది ఎడమ వైపునే. ఆ వైపు కూడా ఖాళీ పడగానే భోజనం మారింది. జొన్నరొట్టె మానేశారు. రొట్టె లేకుండా పూట గడవని ఇంట్లో మెత్తటి అన్నం, మజ్జిగ, చారుతో సరిపెట్టుకోసాగారు. మాంసం ముక్క పక్కకు జరిపి గ్రేవీ మాత్రం కలుపుకునేవారు. అమ్మీకి తొమ్మిదేళ్ళుగా మధుమేహం ఉంది. నాలుగు నెలలు తిరిగేసరికి, గడచిన మూడు నెలల చక్కెర సగటును చూపే పరీక్షలో 7.4 ఉన్న అంకె 8.6కు చేరింది. అన్నం పెరిగి, రొట్టె తగ్గిన ఫలితం కావచ్చునని మందులు రాసే డాక్టరు అన్నారు. పన్ను గురించి మేము గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టింది ఆ కాగితం చేతికి వచ్చిన రోజునే.

ఖాళీని అలాగే వదిలేస్తే ఏమవుతుందో దంతవైద్యుడు బొమ్మ గీసి వివరించారు. ఎదురుగా ఆనుకునేది లేకపోవడంతో కింది పన్ను మెల్లగా పైకి జరుగుతుంది. పక్క పన్ను ఖాళీ వైపు ఒరుగుతుంది. పన్ను వేరు లేని చోట ఎముకకు పని ఉండదు, అందుకని అది ఏడాదికేడాది కరిగిపోతుంది. పై దవడలో మరొక చిక్కు కూడా ఉంది. దవడ ఎముకకు పైన, ముక్కుకు ఇరుపక్కలా సైనస్ అనే గాలి గది ఉంటుంది. పన్ను పోయాక ఆ గది కిందికి విస్తరిస్తుంది. అంటే కింది నుంచి ఎముక తరుగుతుంది, పై నుంచి గది దిగుతుంది. ఇవన్నీ అందరిలో ఒకే వేగంతో జరగవు. “తొందరేమీ లేదమ్మా, కాని ఏళ్ళ తరబడి ఆలస్యం చేస్తే దారులు తగ్గిపోతాయి” అన్నారాయన. యువకుడే అయినా బేరం మాటలు లేకుండా మాట్లాడే మనిషి.

అమ్మీ వైద్యుడిని ఏమీ అడగలేదు. ఇంటికి వచ్చాక మమ్మల్ని అడిగారు: “అల్లాహ్ ఇచ్చింది అల్లాహ్ తీసుకున్నాడు. ఆ చోట ఇనుప మేకు దిగ్గొట్టించుకోవడం ఆయన సృష్టిని మార్చడం కాదా?”

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయలేము. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునే స్త్రీలను మహాప్రవక్త ముహమ్మద్ (స) శపించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అమ్మీ మనసులో ఉన్నది ఆ హదీసే. మేము మా మసీదు మౌలానా వద్దకు వెళ్ళాము. ఆయన ఆ హదీసులోనే ఉన్న ‘అందం కోసం’ అన్న షరతును ముందు మా దృష్టికి తెచ్చారు. ఆ తర్వాత హజ్రత్ అర్ఫజా బిన్ అస్‌అద్ (రజి) సంఘటన చెప్పారు. ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించుకుని పెట్టుకున్నారు. అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు బంగారంతో చేయించుకోమని ప్రవక్త (స) ఆయనకు సెలవిచ్చారు. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాల్లో ఇది నమోదై ఉంది. పురుషులకు బంగారం ధరించడం నిషిద్ధం. అయినా పోయిన అవయవం స్థానాన్ని సరిగా పూరించడానికి అది తప్ప మరొకటి పనికిరానప్పుడు అనుమతి లభించింది. తమ పళ్ళను బంగారంతో కట్టించుకున్న పూర్వ పండితులు ఒకరికంటే ఎక్కువమందే ఉన్నారని ఇమామ్ తిర్మిజీ అక్కడే రాశారు. లేనిదాన్ని కొత్తగా చేర్చుకోవడం వేరు, ఉన్నది పోతే దాని పనిని తిరిగి నిలబెట్టుకోవడం వేరు.

మౌలానా చెప్పిన మరొక విషయం మాకు కొత్తది. ఒకరి పన్నును మరొకరు ఊడగొడితే చెల్లించవలసిన పరిహారాన్ని ధర్మశాస్త్రం ఒక్కో పన్నుకు 5 ఒంటెలుగా నిర్ణయించింది. ఆరంభకాలంలో దవడ పన్నుకు తక్కువ చాలునన్న అభిప్రాయం కూడా ఉండేది. అయితే ముందరి పన్నూ దవడ పన్నూ సమానమేనన్న ప్రవచనాన్ని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు, అధిక సంఖ్యాక పండితులు దానినే అనుసరించారు. బయటికి కనిపించే పన్నుకు ఒక ధర, లోపల కనిపించకుండా నూరే పన్నుకు ఒక ధర లేవన్నమాట. ఈ మాట విని అమ్మీ చిన్నగా నవ్వారు. “అయిదు ఒంటెలా! ఆ రాయి ఎవరి దుకాణం నుంచి వచ్చిందో కనుక్కోండి మరి” అన్నారు.

ధర్మపరమైన సందేహం తీరింది. ఇక ఏ మార్గం అన్న ప్రశ్న మిగిలింది.

మా ముందు మూడు మార్గాలున్నాయి. మొదటిది తీసి పెట్టుకునే పన్ను. ఖర్చు రూ.3,500. పక్క పళ్ళకు కొక్కేలు తగిలించి అంగిలికి ఆనుకునేలా ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఇస్తారు. శస్త్రచికిత్స లేదు. అయితే రాత్రి తీయాలి, కడగాలి. గట్టి రొట్టె నమిలితే కదులుతుంది. గుసుల్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. హనఫీ విధానంలో గుసుల్‌కు నోరు పుక్కిలించడం విధి. తీసి పెట్టుకునే పలక ఉంటే దానిని తీసి లోపలి భాగానికి నీరు చేరనివ్వాలి. ఎముకలో స్థిరంగా నాటిన పన్నుకైనా, తీయడానికి వీలులేకుండా అతికించిన పన్నుకైనా ఈ నియమం వర్తించదు, అవి శరీర భాగంగానే పరిగణింపబడతాయి. మరణానంతరం కూడా వాటిని తీయవలసిన పని లేదని మౌలానా చెప్పారు. ఇది అమ్మీ అడిగిన ప్రశ్నే. మా నోట రాని ప్రశ్న.

రెండోది బ్రిడ్జి. ఖాళీకి ముందూ వెనుకా ఉన్న రెండు పళ్ళను చుట్టూ అరగదీసి, మూడు పళ్ళను ఒకే తునకగా చేసి వాటిమీద తొడిగి అతికిస్తారు. ఖర్చు రూ.15,000. మూడు వారాల్లో పని పూర్తి. మధుమేహం అంతగా అడ్డు రాదు. మూడోది ఇంప్లాంట్. ఎముకలో టైటానియం మరను దించి, అది ఎముకతో ఏకమయ్యాక దానిమీద పన్ను బిగిస్తారు. కిరీటంతో కలిపి రూ.36,000.

టైటానియం ఎముకతో కలిసిపోతుందన్న సంగతి మనుషులు వెతికి కనుక్కున్నది కాదు. స్వీడన్ వైద్యుడు పెర్ ఇంగ్వర్ బ్రానెమార్క్ 1952లో కుందేలు ఎముకలో రక్తప్రసరణను గమనించడానికి టైటానియం గొట్టం అమర్చారు. పని పూర్తయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకుంది. ఆ చిన్న ఆటంకం నుంచే కొత్త వైద్యం పుట్టింది. 1965లో గోథెన్‌బర్గ్ నగరంలో ఆయన మొదటి రోగికి అలా పళ్ళు నాటారు. ఆ మనిషి 2006లో మరణించే వరకు, నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. ఎముకలో ఆ గుణాన్ని ఉంచినవాడు ఎవరో విశ్వాసికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే అమ్మీ విషయంలో ఇంప్లాంట్ అంత సులువు కాదు. వికారాబాద్ వెళ్ళి రూ.2,000తో త్రీడీ ఎక్స్‌రే తీయించాము. సైనస్ గదికి కింద మిగిలిన ఎముక మందం 6 మిల్లీమీటర్లు. వైద్యుడు దించదలచిన మర పొడవు 9 మిల్లీమీటర్లు. మిగతా 3 మిల్లీమీటర్ల కోసం సైనస్ గది అడుగు పొరను మెల్లగా పైకి నెట్టి, ఆ సందులో ఎముక పొడి నింపాలి. ఆ పొడి కాలక్రమేణా సొంత ఎముకకు ఆసరా అవుతుంది. దీనికి అదనంగా రూ.9,000.

ఎముక పొడి అన్న మాట వినగానే చెల్లెలు ఫోనులోనే అడిగింది: “ఎవరి ఎముక?”

ఈ భాగాన్ని పాఠకులు శ్రద్ధగా చదవాలని కోరుతున్నాము. దంతవైద్యంలో వాడే ఎముక పొడులు అనేక రకాలు. రోగి శరీరం నుంచే తీసినది ఒకటి. దానం చేసిన మనిషి ఎముక నుంచి శుద్ధిచేసినది ఒకటి. పశువు ఎముక నుంచి తయారైనది బాగా వాడుకలో ఉంది. పంది నుంచి తయారైనవీ ఉన్నాయి. పొడిమీద కప్పే పలుచటి కొలాజెన్ పొరల్లో పంది చర్మం నుంచి చేసినవి ప్రసిద్ధమైనవే. వీటితో సంబంధం లేకుండా కాల్షియం ఫాస్ఫేట్ వంటి లవణాలతో ప్రయోగశాలలో తయారుచేసే కృత్రిమ పొడి కూడా దొరుకుతుంది. పెట్టె మీద ఈ వివరాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అడగకపోతే ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. అది మోసం కాదు, వారికి అది ప్రశ్నగా తోచదు. పశువు ఎముకైనా ఏ పద్ధతిలో కోసిన పశువుదో మనకు తెలియదు. అధిక ఉష్ణోగ్రతలో శుద్ధి అయ్యాక దాని స్వభావం మారిపోతుంది కదా అన్న చర్చ పండితుల్లో ఉంది. కృత్రిమమైనది అందుబాటులో ఉన్నప్పుడు ఆ చర్చలోకి దిగవలసిన అగత్యం మాకు కనిపించలేదు.

మా వైద్యుడిని అడిగితే నొచ్చుకోలేదు. బీరువా తీసి పెట్టె తెచ్చి చూపించారు. ఆయన మామూలుగా వాడేది పశువు ఎముక నుంచి చేసినది. కృత్రిమ పొడి తెప్పిస్తానని, ఈ మాత్రం ఎత్తుకు అది సరిపోతుందని, పైన పొర అవసరం రాదని చెప్పారు. “జైనులు కూడా ఇదే అడుగుతారండీ” అన్నారు.

ఇక ధనం సంగతి. ఎక్స్‌రేతో కలిపి లెక్క రూ.47,000. మాలో పెద్దవాడు బ్రిడ్జి చాలునన్నాడు. మూడింతల తేడా చిన్నది కాదు, పైగా చక్కెర ఉన్న మనిషికి ఎముకలో కోత ఎందుకన్నది అతని వాదన. రెండోవాడు ఇంప్లాంటే మేలన్నాడు. ఎన్నడూ పుచ్చని, చక్కగా ఉన్న రెండు పళ్ళను ఒక పన్ను కోసం అరగదీస్తే, రేపు వాటిలో ఒకటి పాడైతే మూడూ పోయినట్టేనన్నది అతని వాదన. వైద్యుడిని అడిగితే రెండు వాదనల్లోనూ నిజం ఉందని చెప్పారు. చెల్లెలు ఇద్దరినీ కోప్పడింది: “నమిలేది అమ్మీ. నిర్ణయం మీరు చేస్తున్నారు.”

అమ్మీ వద్ద డబ్బు లేకపోలేదు. ఉమ్రా కోసం కుట్టుపని మీద వచ్చినదీ, పండుగలకు మేము ఇచ్చినదీ కూడబెట్టి రూ.62,000 చేశారు. ఇంకొంత చేరితే ప్రయాణం. ఆ డబ్బు మాట ఎత్తనివ్వలేదు. మా నుంచి తీసుకోవడానికీ ఇష్టపడలేదు. “మీ పిల్లల ఫీజులు కట్టేది జూన్‌లోనే కదా” అన్నారు. హైదరాబాదులో ఒక పెద్ద దంతవైద్యశాలకు వెళ్ళి విచారిస్తే అక్కడ రూ.58,000 చెప్పి, వడ్డీ లేని వాయిదాల పద్ధతి ఉందన్నారు. కాగితాలు ఇంటికి తెచ్చి చదివాము. వాయిదాలు ఇచ్చేది ఆసుపత్రి కాదు, ఒక ఫైనాన్సు సంస్థ. ముందుగా కొంత రుసుము, ఒక్క వాయిదా ఆలస్యమైతే ఆ రోజు నుంచి వడ్డీ. పేరుకు వడ్డీ లేదు, ఒప్పందంలో మాత్రం వడ్డీకి సంతకం పెట్టాలి. మేము పెట్టలేదు. ఇంప్లాంట్ పని ఎలాగూ రెండు విడతల్లో, నెలల తేడాతో జరిగేది. ఆ సంగతి గుర్తించి మా ఊరి వైద్యుడినే అడిగాము: శస్త్రచికిత్స రోజున మరకు రూ.22,000, పొడికి రూ.9,000, కిరీటం బిగించే రోజున మిగిలిన రూ.14,000. మధ్యలో ఎవరూ లేరు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. వాయిదాల కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఈ ఒక్క మాట అడిగి చూడమని పాఠకులకు మా మనవి.

ఇన్ని తేలినా అమ్మీ ‘సరే’ అనలేదు. చెల్లెలు పది రోజుల కోసం పుట్టింటికి వచ్చింది.

అరబీ అక్షరాలు సరిగా పలకడం నేర్పే తజ్వీద్ శాస్త్రంలో నోటిలోని 32 పళ్ళకూ పేర్లున్నాయి. ముందరి నాలుగు సనాయా, వాటి పక్కవి నాలుగు రుబాఇయాత్, కోరలు నాలుగు అన్‌యాబ్, మిగిలిన ఇరవై అజ్రాస్. ఆ ఇరవైలో మళ్ళీ నవ్వితే కనిపించే నాలుగు జవాహిక్, తిరగలి రాళ్ళలా నూరే పన్నెండు తవాహిన్, చివరి నాలుగు నవాజిజ్. మా చిన్నప్పుడు అమ్మీ ఇవన్నీ మా చేత కంఠస్థం చేయించారు. ఎందుకంటే ‘జ్వాద్’ అనే అక్షరం పుట్టేది నాలుక అంచు పై దవడ అజ్రాస్‌ను తాకే చోట. ఎడమ వైపు నుంచి పలకడం ఎక్కువమందికి సులువు. కుడి వైపు నుంచీ పలకవచ్చు. ఈ అక్షరాన్ని ‘దాల్’కు దగ్గరగా పలకాలా, ‘జ్వా’కు దగ్గరగా పలకాలా అన్నది మన దేశంలో పాత తగాదా, అమ్మీ ఆ తగాదాలో ఎవరి పక్షమూ వహించేవారు కాదు, నాలుకను దాని చోట పెట్టండి, శబ్దం దానంతటదే వస్తుందనేవారు. సూరా ఫాతిహా చివరి మాటలో ఈ అక్షరం ఉంది. ప్రతి నమాజులో, ప్రతి రకాతులో అది పలకవలసిందే.

చెల్లెలు సాయంత్రాలు ఆ చాప మీద ఒక మూల కూర్చునేది. నాలుగో రోజున గమనించింది. కొత్త పిల్లలకు అక్షరాలు చెబుతూ అమ్మీ ‘స్వాద్’ దాకా వచ్చి ఆగి, పదో తరగతి చదివే పెద్ద అమ్మాయి వైపు చూసేవారు. ‘జ్వాద్’ ఆ అమ్మాయి పలికేది. తర్వాతి అక్షరం నుంచి మళ్ళీ అమ్మీ. రాత్రి పక్కలు పరిచాక చెల్లెలు అడిగింది.

“గాలి పోతోంది బేటీ” అన్నారు అమ్మీ. “కుడి వైపు ముందే లేవు. ఎడమ వైపు నాలుక పెడితే మధ్యలో ఆనే చోటు లేదు. నా నమాజు వరకు అల్లాహ్ నా నోటి సంగతి ఎరుగును, క్షమిస్తాడు. కాని పిల్లలు నేను పలికినట్టే పలుకుతారు. వాళ్ళు రేపు తమ పిల్లలకు అలాగే చెబుతారు. ఆ తప్పు ఎంత దూరం పోతుందో!”

చెల్లెలు ఈ మాట మా ఇద్దరికీ చెప్పినప్పుడు కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. రొట్టె, చక్కెర, ఎముక, ఖర్చు అన్నీ మేము లెక్కించాము. అమ్మీ తన లెక్క తాను వేరే వేసుకుంటున్నారు. మౌలానాను అడిగితే, అంత చిన్న లోపంతో నమాజుకు భంగం లేదని, ఎవరిపైనా అల్లాహ్ శక్తికి మించిన భారం వేయడని, అయితే బోధించే మనిషికి ఆ తపన ఉండటం శ్లాఘనీయమని చెప్పారు. నీ శరీరానికి కూడా నీపై హక్కు ఉందని ప్రవక్త (స) తమ సహచరునికి బోధించిన సంగతిని కూడా ఆయన అమ్మీకి గుర్తుచేశారు.

ఆ మరుసటి వారం అమ్మీ తానే వైద్యశాలకు బయలుదేరారు. వైద్యుడిని మొదటిసారిగా ఒక ప్రశ్న అడిగారు. ఏ పన్ను పెట్టినా లోపలి వైపు, అంటే నాలుక తాకే వైపు, అసలు పన్ను ఆకారమే వస్తుందా? వైద్యుడు ఇలాంటి ప్రశ్న ముందెన్నడూ వినలేదట. బ్రిడ్జి అయినా ఇంప్లాంట్ అయినా లోపలి వైపును పక్క పళ్ళ వరుసకు సరిపోల్చి తీర్చవచ్చని, మొదట తాత్కాలికంగా పెట్టి పలికి చూశాక మార్పులు చేయవచ్చని చెప్పారు. బ్రిడ్జి అయితే పక్క రెండు పళ్ళ ఆకారం కూడా కొంత మారుతుందన్నారు. అమ్మీకి ఆ మాట చాలింది. “బాగున్నవాటిని చెడగొట్టవద్దు. ఒక్కదాన్నే పెట్టండి” అన్నారు. మాలో బ్రిడ్జి పక్షాన ఉన్నవాడు కూడా ఇక మారు మాట్లాడలేదు.

డబ్బు విషయంలో అమ్మీ షరతు పెట్టారు. ఉమ్రా డబ్బు ఉమ్రాకే. మా నుంచి తీసుకుంటారు, కాని ముగ్గురి నుంచీ సమానంగా. చెల్లెలు తన వాటా తన ట్యూషన్ల సంపాదన నుంచే ఇస్తానంది, అల్లుడి జేబు నుంచి కాదు. అలాగే జరిగింది.

చక్కెర తగ్గనిదే కోత పెట్టనని వైద్యుడు గట్టిగా చెప్పారు. చక్కెర అదుపులో లేకపోతే గాయం మానదు, మర ఎముకతో కలవదు. ఏడుకు అటూ ఇటూగా రావాలన్నారు. అందుకు మూడున్నర నెలలు పట్టింది. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి తినడం, ఫజ్ర్ తర్వాత రైల్వే స్టేషను దాకా నడక, మందు మోతాదులో మార్పు. అంకె 7.1కి వచ్చింది. అప్పటికి రమజాన్ దగ్గరపడింది. చిగురులో సూది వేసినంత మాత్రాన ఉపవాసం భంగం కాదు గాని, కోత పెట్టినప్పుడు రక్తమో నీరో గొంతులోకి దిగే ప్రమాదం ఉంటుంది. ఆ తర్వాత మందులూ వేళకు వేసుకోవాలి. షవ్వాల్ నెలకు వాయిదా వేశాము.

శస్త్రచికిత్స గంట లోపే ముగిసింది. మూడు రోజులు చెంప వాచింది. వారం రోజులు తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలని, ముక్కు గట్టిగా చీదవద్దని వైద్యుడు చెప్పారు. సైనస్ పొర మానేదాకా ఆ జాగ్రత్త తప్పదు. వుజూలో ముక్కులోకి నీరు బలంగా పీల్చకుండా మెల్లగా తడుపుకోవడం సరిపోతుందని మౌలానా చెప్పారు. కుట్లు విప్పారు. ఇప్పుడు మర ఎముకలో మౌనంగా తన పని చేసుకుంటోంది. కిరీటానికి ఇంకా రెండు నెలలు ఉంది. మిగిలిన రూ.14,000లో ముగ్గురి వాటాలూ అమ్మీ ముందే వసూలు చేసి కవరులో పెట్టారు. పిల్లల చాప ప్రతి సాయంత్రం పరుచుకుంటూనే ఉంది. ‘జ్వాద్’ వచ్చినప్పుడు ఇంకా ఆ పదో తరగతి అమ్మాయే పలుకుతోంది. ఆ అమ్మాయి పలికే తీరు ఈ మధ్య బాగా కుదిరిందని, పన్ను వచ్చాక కూడా ఆ పాఠం తనకే వదిలేద్దామా అనుకుంటున్నానని అమ్మీ మొన్న ఫోనులో చెల్లెలితో అన్నారట.